టీవీలో చూసిన ఖాళీ సమాధి

ఇంగ్లీషు వచ్చిన పాపానికి నన్ను ఎక్కడెక్కడికో లాక్కెళ్ళేవారు. పాల్వంచ అవతల, అడవి అంచునున్న పల్లెలో నేను పంతులమ్మగా పనిచేస్తున్న రోజులవి. ఎనభైలు అయిపోవస్తున్నాయి. మాది దేవుడి గదిలో దీపం పెట్టుకునే ఇల్లు. అయినా ఆ ఊరి పాస్టరు గారు బైబిలు కాలం నాటి ఊళ్ళ మీద డాక్యుమెంటరీ క్యాసెట్లు తెప్పించినప్పుడల్లా, టీవీ పక్కన నిలబడి తెలుగులో చెప్పేది నేనే. ఎవరి దేవుడైతే నాకేం, తవ్వకాలంటే మాత్రం చచ్చేంత ఇష్టం. మట్టిలోంచి కుండపెంకు బయటికొస్తే చాలు, నోరు తెరుచుకుని చూసేదాన్ని.

ఆ ఆదివారం మధ్యాహ్నం చర్చి కిటికీలకు దుప్పట్లు కట్టారు. కిరాయికి తెచ్చిన టీవీ, వీసీఆర్ బల్ల మీద పెట్టారు. కరెంటు పుట్టేది పక్కనున్న పాల్వంచలోనే, మాకు మాత్రం అదెప్పుడు పోతుందో తెలియదు. జల్దీ కానిమ్మని పాస్టరు గారు ఒకటే తొందర.

తెర మీద ఓ గడ్డం ప్రొఫెసరు టార్చి పట్టుకుని, కొండలో తొలిచిన సమాధిలోకి వంగి దూరాడు. లోపల శవాన్ని పడుకోబెట్టే రాతి అరుగు ఉంది. దాని మీద ఏమీ లేదు. యేసును కూడా ఇలాంటి చోటే ఉంచి ఉంటారు, ఇది ఎవరి సమాధో మాత్రం ఖాయంగా చెప్పలేం అన్నాడాయన. నేనూ అదే చెప్పాను. పాస్టరు గారికి ఆ చెప్పలేమన్న మాట నచ్చలేదు, గొంతు సవరించుకున్నారు.

అప్పుడు ముందు వరసలోంచి ఒక ముసలమ్మ లేచింది. ఆమె కొడుకు కలప లారీ మీద కూలికి పోయి, అది బోల్తా పడి చనిపోయాడు. అప్పటికి ఏడాది కావస్తోంది. దవాఖానా నుంచి తెల్లగుడ్డలో మూటగట్టి తెచ్చారట. విప్పితే చూడలేవమ్మా అని పెద్దమనుషులు ఆమె చేతులు పట్టుకున్నారట. మొహం చూడనివ్వకుండానే సమాధుల తోటలో పెట్టేశారు. చూడలేదు కాబట్టి ఆమె నమ్మలేదు. రోజూ పొద్దుగూకాక కొడుక్కి కంచంలో అన్నం పెట్టి వాకిట్లో ఉంచేది. తెల్లారేసరికి కంచం ఖాళీ. కుక్క తిన్నదో, మరెవరు తిన్నారో అడిగే ధైర్యం కోడలికి లేదు.

"లోపట ఎవ్వరు లేరా బిడ్డా?" అని నన్నడిగింది.

"లేరమ్మా. ఖాళీ."

మళ్ళీ చూపించమంది. రీలు వెనక్కి తిప్పి ఆపారు. ఆ రాతి అరుగు తెర మీద సన్నగా వణుకుతూ నిలిచిపోయింది. ఆమె దగ్గరికి పోయి అద్దానికి అరచెయ్యి ఆనించింది. చిటపటమని చిన్న చప్పుడైంది. ఆమె చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అంతసేపు నడిచిన టీవీ అద్దం వేడిగా ఉంటుంది, ఆమె మాత్రం సల్లగుంది అంది.

మర్నాడు బడిలో ఎక్కాలు చెప్పిస్తుంటే కోడలు పరుగెత్తుకొచ్చింది. అత్త గడ్డపార పట్టుకుని సమాధుల తోటకు పోయిందట. నా కొడుకు లోపల లేడని పంతులమ్మే చెప్పింది అంటోందట. నేనెప్పుడన్నానే తల్లీ! పాస్టరు గారేమో పొద్దున్నే భద్రాచలం వెళ్ళిపోయారు. ఆయన మీదా, ఆయన క్యాసెట్ మీదా ఒళ్ళు మండిపోయింది. పిల్లల్ని ఇళ్ళకు పొమ్మని కోడలితో బయల్దేరాను.

దారంతా టేకు చెట్లే. ఎండిన ఆకుల మీద నడుస్తుంటే మా వెనక ఇంకెవరో వస్తున్నట్టు చప్పుడు. మేం ఆగితే అదీ ఆగింది, కాకపోతే ఒక్క అడుగు ఆలస్యంగా. కోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వెనక్కి చూడలేదు, నేనూ చూడలేదు.

సమాధి తలవైపు మోకాలి లోతు తవ్వి ఉంది. గడ్డపార పక్కన పడేసి, ముసలమ్మ గుంట అంచున కూర్చుని చెవి వంచి వింటోంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ ఊపిరి బిగబట్టి విన్నాను. చుట్టూ ఒక్క పిట్ట కూయలేదు. ఏమైనా వినబడుతుందేమోనని భయం. ఆమె మొహం చూస్తే, దేవుడా, వినబడితే బాగుండుననీ అనిపించింది.

అది వేరే దేశం, వేరేవాళ్ళ సమాధి, ఇంటికి పోదాం రా అమ్మా అని బతిమాలాను. ఆమె అంతా విని తల ఊపింది.

"ఆడోళ్ళు ప్రభువు సమాధి కాడికి పొయ్యేసరికే రాయి తీసి ఉండె గద బిడ్డా. వాళ్ళు తియ్యలే. ప్రభువే లేచి పొయ్యిండు." గుంటలోకి చూసింది. "నేను తీస్తే వీడు లోపట్నే ఉంటడు."

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముసలమ్మ రెండు చేతులతో మట్టిని గుంటలోకి తోయడం మొదలుపెట్టింది. మేమిద్దరం కూడా కూర్చుని తోశాం. నాకు ఏడుపు ఆగలేదు. గుంట నిండాక కోడలు అరచేతులతో మట్టిని అదమబోయింది. ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టి, గట్లనే గుల్లగ ఉండనియ్యమంది.