అమ్మకు బల్ల ఆపిన ఆదివారం

మా సంఘంలో పరిశుద్ధతను దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. అది తెల్లగా ఉంటుంది, ఇస్త్రీ చేసి ఉంటుంది. ఆడవాళ్లయితే చెవులకు కమ్మలు, నుదుట బొట్టు, తలలో పువ్వు ఉండవు. ఇవి లేకపోతే చాలు, మిగతావి ఏమున్నా దేవుడు సర్దుకుపోతాడని మావాళ్ల నమ్మకం. జడ్చర్ల హైవే పక్కన ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మిన సంఘపెద్ద కూడా మాలో పరిశుద్ధుడే. ఆయన చొక్కా మీద నేనెన్నడూ మరక చూడలేదు.

మరక మా అమ్మకు పడింది.

పక్కింట్లో గొర్లు కాసుకునే కుటుంబం. ఆ ఇంటి పెద్దమ్మే చిన్నప్పుడు నన్ను సగం పెంచింది. ఆమెకు ఆడపిల్లలు లేరు. మంచాన పడ్డాక అమ్మ చెయ్యి పట్టుకొని అడిగింది: "ముత్తైదువగనే పోతున్న చెల్లె. నాకు నీళ్లు వోసి, పసుపు రాసి, బొట్టు నువ్వే పెట్టాలె." అమ్మ సరేనంది. ఒక శనివారం ఆమె పోయింది. అమ్మ అన్న మాట ప్రకారమే చేసింది.

మర్నాడు నెల మొదటి ఆదివారం. మాకు బల్ల రోజు, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. అమ్మకు దాని ముందు క్రిస్మస్ కూడా తక్కువే. ముందురోజు ఉపవాసముంటుంది, ఎవరితోనైనా మాటపట్టింపు ఉంటే పోయి కలుపుకొని వస్తుంది. ఆ రోజూ తెల్లచీర కట్టుకొని చెయ్యి చాపింది. గోళ్ల సందుల్లో పసుపు కనబడింది. ప్లాట్ల హద్దులు కనబడని పెద్దాయనకు అది మాత్రం కనబడింది. పళ్లెం వెనక్కి తీసుకున్నాడు.

ఆరాధన అయ్యాక విచారణ పెట్టారు. పెద్దలంతా కుర్చీల్లో, అమ్మ చాప మీద.

"అన్యుల ఆచారంల చెయ్యి వెట్టినవమ్మా," అన్నారు పాస్టరు అయ్యగారు మెత్తగా. "వచ్చే ఆదివారం సంఘం ముందర తప్పైందని ఒక్క మాట అను. మల్ల బల్లకు తీసుకుంటం."

ఆ వారమంతా అమ్మ సరిగ్గా తినలేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నోటిమాటే గదమ్మా, అనేసెయ్యి" అన్నాను.

ఆదివారం అమ్మ లేచి నిలబడింది.

"తప్పైందంటే మల్ల చెయ్యననే గద అయ్యగారు. మా అక్క మల్ల సచ్చినా నేను మల్ల బొట్టు పెడత. దేవుని ముంగట అబద్ధమెట్ల చెప్పాలె? బల్ల వద్దంటే వద్దు."

చెప్పి కూర్చుంది. అయ్యగారు గబగబా పాట ఎత్తుకున్నారు.

పసుపు ఎప్పుడో పోయింది. అమ్మ ఇప్పటికీ బల్లకు ముందటి శనివారాలు ఉపవాసముంటుంది, తెల్లచీర కట్టుకొని చివరి చాప మీద కూర్చుంటుంది. పళ్లెం పట్టుకొని ఆమెను దాటేటప్పుడు పెద్దాయన తల దించుకుంటాడని రాయాలని ఉంది. దించుకోడు. అమ్మే ఆయనకు దారిస్తూ కాళ్లు ముడుచుకుంటుంది.