జ్వాకీము, అన్నమ్మల పండుగకు తాత అలిగిన సంగతి

మా అమ్మ వాళ్ళ ఊరు జమ్మలమడుగు. అక్కడి మా గుడిలో ఏటా జూలై ఇరవై ఆరున పునీత జ్వాకీము, పునీత అన్నమ్మల పండుగ చేస్తారు. వాళ్ళిద్దరూ మరియమ్మ తల్లిదండ్రులు, అంటే యేసు ప్రభువుకు అవ్వాతాతలు. అందుకని ఆ రోజు ఒక ముసలి జంటను ముందు వరుసలో కూర్చోబెట్టి దండలు వేస్తారు. ఆ ఏడు వంతు మా అవ్వాతాతలకు వచ్చింది.

దండ సంగతి తాతకు పెద్దగా పట్టలేదు. ఆయన ధ్యాసంతా సాయంత్రం ఊరేగింపు మీదే. పెళ్ళికాక ముందు నుంచీ ఆ పునీతుల పల్లకీ ముందు బొంగు ఆయన భుజం మీదే ఉండేది. పండుగకు కొన్ని రోజుల ముందు కుర్రవాళ్ళు ఇంటికి వచ్చి, "తాతా, నీకు మోకాళ్ళ నొప్పులు గదా. ఈసారి మేం మోస్తాంలే. నువ్వు దండేసుకోని కూచో" అన్నారు. తాత మర్నాడు పొద్దున చొక్కా, లుంగీ సంచిలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా పులివెందుల బస్సెక్కి చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయాడు. ఫోన్ కూడా ఆపేశాడు.

ఆ చెల్లెలు మధ్యాహ్నానికే అవ్వకు ఫోన్ చేసింది. "వదినా, మా యన్న ఈడే ఉండాడు. నేను చెప్పినానని మాత్రం చెప్పాకు."

"నేనేం అడగల్యా" అని అవ్వ పెట్టేసింది. వీధిలో ఎవరు అడిగినా, "ఏమో, యాడికి పోయినాడో" అని తన పని తాను చేసుకుంది.

పండుగ రోజు నేను ప్రొద్దుటూరు నుంచి వచ్చేసరికి ముందు వరుసలో రెండు కుర్చీలు, ఒక అవ్వ. రెండో కుర్చీలో ఆమె చేతిసంచి. నేను ఆమె వెనక కూర్చున్నాను.

ఫాదర్ కోస్తా జిల్లాల నుంచి కొత్తగా వచ్చినవాడు, చిన్న వయసు. ఇది బైబిల్లో లేదు, పెద్దలు చెప్పుకుంటూ, రాసుకుంటూ వచ్చిన కథ అని ప్రసంగం మొదలుపెట్టాడు. జ్వాకీముకు మందలున్నాయి, ఆస్తి ఉంది, పిల్లలే లేరు. ఒక పండుగకు ఆయన కానుక తీసుకుపోతే, బిడ్డలు లేనివాడివి, అందరికంటే ముందు నువ్వెట్లా ఇస్తావని అడ్డుకున్నారు. ఆ అవమానం తట్టుకోలేక ఆయన ఇంటికి కూడా పోకుండా అడవిలోకి వెళ్ళిపోయాడు.

"ఆయమ్మకు చెప్పి పోయినాడా సామీ?" అంది అవ్వ.

ప్రసంగం మధ్యలో ప్రశ్న వస్తుందని ఫాదర్ అనుకోలేదు. "లేదమ్మా, చెప్పలేదు."

"ఊఁ. చెప్పు సామీ."

ఇంటి దగ్గర అన్నమ్మ చెట్టు కింద కూర్చుని, కొమ్మ మీది పిచ్చుక గూడు చూసి, ఆ పిట్టలకున్న భాగ్యం నాకు లేదే అని ఏడ్చిందట. అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఐదుగురు పిల్లల తల్లి ఆమె. తర్వాత దేవదూత ఇద్దరికీ కనిపించి బిడ్డ పుడుతుందని చెప్పాడు. జ్వాకీము తిరిగి వస్తుంటే అన్నమ్మ ద్వారం దగ్గర ఎదురుచూసి, పరుగెత్తి వెళ్ళి ఆయన మెడ చుట్టూ చేతులు వేసింది.

"యాడికి పోయినావని ఒక మాటన్నా అడగల్యా?" అంది అవ్వ.

"అడిగినట్టు రాయలేదమ్మా."

"రాసినోళ్ళు మొగోళ్ళయ్యుంటారు" అంది అవ్వ నా వైపు తిరిగి, గుడంతా వినబడేలా. ముందు ఆడవాళ్ళు నవ్వారు. కాసేపటికి మగవాళ్ళూ నవ్వారు.

పూజ అయ్యాక అందరి చూపూ గేటు మీదే. అవ్వ కూడా వెళ్ళి గేటు దగ్గర నిలబడింది. ఎవరి కోసమని అడిగితే పూలామె కోసం అంది. పూలామె ఆమె వెనకే ఉంది.

తాత గేటులోంచి రాలేదు. వెనక గోడకున్న చిన్న వాకిట్లోంచి, బిర్యానీ వాసన పట్టుకుని నేరుగా వంటల దగ్గరికి వచ్చి పళ్ళెం ముందు కూర్చున్నాడు. ఎవరో వచ్చి చెప్తే అవ్వ వెళ్ళింది, వెనకే నేను.

"చెప్పకుండా పోతే ఇంట్లో మనిషి ఏమనుకోవాల?" అంది అవ్వ.

"మా చెల్లెలు చెప్పింటాది గదా."

"ఆయమ్మ చెప్తే నువ్వు చెప్పినట్టా?"

తాత ముద్ద మింగి, "ఆ పిల్లోళ్ళు నన్ను ముసలోన్ని చేసినారు మే. ఇంట్లో కూచుంటే అదే మాట తలకాయలో తిరుగుతాండె" అన్నాడు.

అవ్వ ఆయన పక్కన కూర్చుని పళ్ళెంలో ఉల్లిపాయ ముక్కలు వేసింది. "నేను మాత్రం వయసులో ఉండానా? రెండు కుర్చీలేసిన కాడ నన్నొక్కదాన్నే కూచోబెట్టి పోయినావు."

"అది తప్పే" అన్నాడు తాత మెల్లగా.

ఇంతలో ఫాదర్ వచ్చి, ఊరేగింపుకు ముందు గంట వాయిస్తూ నడిచే మనిషి కావాలన్నాడు.

"పల్లకీ కంటే ముందరా?" అని తాత అడిగాడు.

"అందరికంటే ముందు. మిమ్మల్ని ఎవరూ దాటరు."

తాత చేయి కడుక్కుని లేచాడు.

సాయంత్రం ఆయన తన మోకాళ్ళు ఒప్పుకున్నంత నెమ్మదిగా, ఒక్కో అడుగుకు ఒక్కో గంట కొడుతూ నడిచాడు. వెనక కుర్రవాళ్ళు పునీతులిద్దరినీ భుజాన పెట్టుకుని చెమటలు కక్కుతున్నారు. మొదటి వీధి దాటేసరికే వాళ్ళలో ఒకడు, "తాతా, రోంత బిరబిరా నడువు" అన్నాడు.

తాత నిలబడి, వెనక్కి తిరిగి, "ఏంది?" అన్నాడు. ఆయన నిలబడినంతసేపూ పల్లకీ నిలబడింది.

"అడగాకండ్రా" అంది పక్కన నడుస్తున్న అవ్వ. "అడిగితే నిలబడతాడు."