చనిపోయిన మల్లయ్య వేసిన వేలిముద్ర

1998. హైటెక్ సిటీ మొదటి భవనానికి అద్దాలు బిగిస్తున్న రోజులు. శేరిలింగంపల్లి మండలంలో నిన్నటిదాకా జొన్న వేసిన చెలకల ధరలకు రెక్కలొచ్చాయి. నేను లాయర్ని. వాదించడం కంటే టైటిల్ సెర్చ్ మీదే ఎక్కువ బతికాను. అంటే ఒక భూమి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో ఆఫీసుల్లో పాత రికార్డులు తిరగేసి చెప్పడం. దుమ్ము మింగే పని.

కడప నుంచి వచ్చిన చంద్రశేఖర్ గారు ఎకరన్నర చెలక కొనబోతూ నన్ను కలిశారు. ఈసీ తీయించాను. భూమి మీద రిజిస్టరైన లావాదేవీలన్నీ అందులో ఉంటాయి. శుభ్రంగా ఉంది. పట్టాదారు మల్లయ్య కిందటి ఏడాది వేలిముద్ర వేసి అమ్మాడు. కొన్నవాడే ఇప్పుడు మా క్లయింటుకు అమ్మజూపుతున్నాడు.

"ఇంకేంది మేడం, అంతా సరిగానే ఉండాది గదా!" అన్నారాయన.

"నేల చూడకుండా నా రిపోర్టు మీద సంతకం పెట్టను" అన్నాను.

వెళ్లేసరికి ఒకామె అక్కడి వంగతోటలో కలుపు తీస్తోంది.

"ఈ చెలక ఎవరిదమ్మా?"

"మాదే. ఏందమ్మా, ఎందుకడుగుతున్నవ్?"

"మల్లయ్యతో మాట్లాడాలి."

చేతిలో కలుపు పడేసి నా మొహంలోకి చూసింది. "ఎట్ల మాట్లాడుతవ్? నా పెనిమిటి సచ్చి శానేండ్లాయె."

మరి పోయినేడు వేలిముద్ర వేసిన దొంగ వెధవ ఎవడు?

ఆమె పేరు పోచమ్మ. మనిషి పోయాక భూమిని వారసుల పేర ఎక్కించుకోవడాన్ని విరాసత్ అంటారు. ఎందుకు చేయించలేదని కసురుకున్నాను.

"రికార్డుల ఆయన పేరు మీద ఎర్రగీత గీస్తరంట. మనిషైతే పాయె, పేరన్న ఉండనియ్యి అన్నడు మా పెద్దోడు. మా ఊర్ల అందరు గంతేనమ్మా."

నిజమే, ఆ ఊళ్లో చాలా భూములు పోయినవాళ్ల పేరునే ఉన్నాయి. బ్రోకర్లు సరిగ్గా ఆ పేర్లే ఏరుకుని, ఎవడో ఒకడి చేత వేలిముద్ర వేయించి అమ్మేస్తున్నారు.

చంద్రశేఖర్ గారు నాకో దండం పెట్టి బేరం వదులుకున్నారు. ఆ అమ్మకం చెల్లదని నేను పోచమ్మ తరఫున కోర్టుకెళ్లాను. మల్లయ్య అమ్మకానికి ముందే చనిపోయాడని రుజువు చూపమన్నారు. ఆయన ఇంట్లోనే పోయాడు. పంచాయతీలో రాయించాలని ఎవరికీ తోచలేదు. పోల్చి చూడటానికి ఆయన అసలు వేలిముద్ర ఎక్కడా దొరకలేదు. సాక్ష్యం చెబుతామన్న పక్క రైతులు మొహం చాటేశారు. ఈ దొంగ అమ్మకం జరిపించిన బ్రోకరే వాళ్ల చెలకలకూ బేరం తెచ్చాడు మరి.

అవతలి లాయరు లేచి రేషన్ కార్డు పైకెత్తాడు. "మొన్నటి నెల కూడా మల్లయ్య వంతు బియ్యం తీసుకున్నారండీ. చచ్చినవాడు అన్నం తింటాడా?"

కోర్టు హాల్లో నవ్వారు.

బయటికొచ్చాక పోచమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పేరు తీపిస్తే బియ్యం తక్కువిస్తరని ఊకున్నం. ఆయన వంతు పిల్లలు తిన్నరమ్మా. గది తప్పా?"

కేసు తేలేదాకా నేలను ముట్టుకోవద్దని ఆపే ఇంజంక్షన్ మాకు రాలేదు. ఆ వెంటనే వంగతోట మీదుగా కొన్నవాడి బుల్డోజరు నడిచింది.

ఈ కేసు నాకు నేర్పింది ఒకటే. కాగితం పోయిన మనిషిని బతికించగలదు, బతికున్న మనుషుల్ని రోడ్డున పడేయగలదు. భూమి పనిమీద ఎవరొచ్చినా ఇంట్లో ఎవరెవరు పోయారో, రాయించారో లేదో ముందు అడుగుతాను. అశుభమని మొహం చిట్లిస్తారు. చిట్లించుకోనీ.

కేసు నడుస్తుండగానే పోచమ్మ పోయింది. దినాలవగానే పెద్దకొడుకు గుండుతో నా ఆఫీసుకొచ్చి, మడత నలగని డెత్ సర్టిఫికెట్ బల్ల మీద పెట్టాడు.

"ఈసారి మర్చిపోలే మేడం. అమ్మ పేరు రాయించిన. ఇగ భూమికి ఫికర్ లేదు గదా?"

చెలక అప్పటికే కొన్నవాడి పేరునా, అతని చేతిలోనూ ఉంది; ఆ కాగితంతో ఎక్కించుకోవడానికి వాళ్లకు గుంట భూమి కూడా మిగల్లేదు. ఆ మాట అతనికి నేనే చెప్పాల్సి వచ్చింది.