జక్కవల మడుగు

డ్రోన్ బ్యాగు నెత్తిన పెట్టుకుని మోకాలి లోతు బురదలో నిలబడిన మనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వే వస్తుంది. పాల్వంచ కాలనీ దవాఖానాలో నర్సును. జాలిపడటమే నా ఉద్యోగం. ఆయన మీద మాత్రం జాలిపడలేకపోయాను.

ఆయన మా ఎదురు క్వార్టర్ మనిషి. చలికాలం మొదలయ్యే రోజుల్లో నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోకుండా, బైనాక్యులర్ మెడలో వేసుకుని, అడవి అంచున రిజర్వాయర్ నీళ్లు నిలిచే మడుగుకు స్కూటీ మీద పోవడం నాకో పిచ్చి. అక్కడికి ఏటా ఒక జక్కవ బాతుల జంట వచ్చేది. ఇటిక రంగు ఒళ్లు, లేత రంగు తలలు. మేసినా ఈదినా ఒకదాన్నొకటి వదలవు. వాటిని చూస్తే రాత్రంతా నిలబడ్డ కాళ్ల నొప్పి మర్చిపోయేదాన్ని.

నిరుడు ఆయన బతిమాలితే తీసుకుపోయాను. ఈ చోటు ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టాడు. ఆ ఆదివారమే కార్ల నిండా దోస్తులను తెచ్చి, జక్కవల నెత్తి మీద డ్రోన్ ఎగరేశాడు. బెదిరిన పక్షులు చెరో దిక్కుకు ఎగిరిపోయాయి. ఆ చలికాలమంతా మళ్లీ కనబడలేదు. ఆయన వీడియోను మాత్రం కాలనీ అంతా మెచ్చుకుంది. నేనేమో ఎదురుపడ్డప్పుడల్లా నమస్తే పెడుతూ, లోపల పళ్లు నూరుకుంటూ ఏడాది గడిపాను.

ఈ ఏడు నేను మడుగు గట్టున కూర్చుని ఉండగా మళ్లీ వచ్చాడు. ఒక్కడే, అదే బ్యాగుతో.

“చెల్లె, జంట వచ్చిందా? దగ్గరికి పోయి తీయాలె. ఎటు పోవాలె?”

“గా తుంగల నుంచి పో అన్నా. జల్దీ పో, ఎండెక్కితే కనబడవు.”

పైకి పచ్చగా, గట్టి నేలలా కనిపించే ఆ తుంగ కింద అంతా బురదే. పశువులు కూడా అటు పోవు. మనిషి మునిగేంత లోతు కాదని నాకు తెలుసు. కాస్త దూరం పోయాడో లేదో కాళ్లు దిగబడ్డాయి. చేతులు ఊని బయటపడాలంటే బ్యాగు వదలాలి. వదలడు. రెండు చేతులతో దాన్ని నెత్తిన పట్టుకుని ఉండిపోయాడు.

“చెల్లె! చెయ్యియ్యవా!”

“అరవకు అన్నా. అరిస్తే గిట్లనే ఇడిచిపెట్టి పోత. నిరుడు ఫోన్ల చూసినవ్ గదా. ఇయ్యాల కండ్లతోని చూడు.”

తల నీళ్ల వైపు తిప్పాడు. దోమలు ముసిరాయి, తోలుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నేను ఫ్లాస్కులోంచి చాయ్ పోసుకుని తీరిగ్గా తాగాను. అంత రుచైన చాయ్ ఈ మధ్య తాగలేదు.

నీళ్ల మీది మంచు విడిపోయింది. అవతలి ఒడ్డున ఇటిక రంగు కదిలింది. ఆయన చాలాసేపు కదలకుండా చూశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

“ఒక్కటే ఉన్నదేంది చెల్లె? రెండోదేది?”

వారం నుంచి నేను రోజూ వస్తున్నది ఆ రెండోదాని కోసమే. ఒంటి జక్కవ మెడ చాచి ఒకసారి కూసింది. ఎటునుంచీ జవాబు రాలేదు.

“నన్నడుగుతున్నవా?” అని, మిగిలిన చాయ్ కూడా పోసుకున్నాను.