ప్రమీల కన్ను, సీతారావమ్మ అనుమానం

సీతారావమ్మకు ఎవరి మాటా ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. తిరువూరు సంతలో వంకాయలు కొంటే ఒక్కొక్కటీ తిప్పి చూసేది. పొలానికి నీళ్ళు పెట్టొచ్చానని భర్త బసవపున్నయ్య చెబితే, ఆయన కాళ్ళకు బురద ఉందో లేదో చూసేది.

1973లో, బడులు తెరిచిన కొత్తలో ఒక పొద్దున ఆమె కూతురు ప్రమీలారాణికి జడలు వేస్తోంది.

"ఈ రిబ్బను వెలిసిపోయిందేంటమ్మా?" అంది ప్రమీల.

"కొత్తదేగా, ఎర్రగా నిగనిగలాడుతుంటే!"

ప్రమీల ఒక కన్ను మూసి చూసింది, తర్వాత రెండోది. ఎడమ కంటికి ఎర్రగానే ఉంది. కుడి కంటికి మాత్రం ఇటుక పొడి రంగులో కనబడుతోంది. ఆ కన్ను అటూ ఇటూ తిప్పితే లోపల నొప్పి. వారం తిరిగేసరికి కుడి కంటికి బోర్డు మీద అక్షరాలే ఆనలేదు.

సీతారావమ్మ అనుమానం నేరుగా గోడ అవతలికి పోయింది. అక్కడ ఉండేది తోడికోడలు హనుమాయమ్మ. అంతకు ముందే పిల్ల కంట్లో నలుసు పడితే ఆవిడే పూల రసం పిండింది.

"ఏం పోశావక్కా నా పిల్ల కంట్లో?"

"నందివర్ధనం పూలే సీతా. మా పిల్లలకీ అవే వేశాను."

"మీ పిల్లలకి కళ్ళు బాగానే ఉన్నాయిగా!"

ఆ మాటతో రెండిళ్ళకూ మాటల్లేకుండా పోయాయి.

విజయవాడలో కంటి డాక్టరు, కన్ను శుభ్రంగానే ఉందనీ, వెనకాల చూపు నరం వాచిందనీ చెప్పి, గుంటూరులో నరాల డాక్టరు బాలశౌరి దగ్గరికి పంపాడు. ఆయన పిల్ల కళ్ళలోకి టార్చిలైటు వేశాడు. మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టాడు. అరికాళ్ళు తాళంచెవితో గీశాడు. చేతులెప్పుడైనా తిమ్మిరెక్కాయా, నడుస్తుంటే తూలుతోందా అని అడిగాడు.

కంటి జబ్బుకి అరికాళ్ళు గీకడమేంటి? అనుకుంది సీతారావమ్మ. డాక్టరు బసవపున్నయ్యను పక్కకు పిలిచి మాట్లాడాడు. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏమన్నారండీ?"

"ఏముంది, చూపు వచ్చేస్తుందన్నారు."

కానీ బస్టాండులో పిల్ల ఏది చూపిస్తే అది కొనిపెట్టాడు. ఎప్పుడూ బఠాణీల పొట్లం దాటని మనిషి!

దసరా నాటికి చూపు వచ్చింది. ఇంట్లో అందరూ తేలికపడ్డారు, ఆమె తప్ప.

"కన్ను బాగైందిగా, ఇంకేంటి నీ బాధ?" అన్నాడు బసవపున్నయ్య.

"బస్టాండులో అవన్నీ ఎందుకు కొన్నారు?"

ఆయన కండువా వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. మర్నాడు ఆమె పుట్టింటికి పెనుగొలను వెళ్తున్నానని చెప్పి, ఒంటరిగా గుంటూరు వెళ్ళింది.

డాక్టరు ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు. "ఇలా కంటి నరం వాచిన పిల్లల్లో ఎక్కువమందికి మళ్ళీ ఏమీ రాదమ్మా. కొందరికి మాత్రం కొన్నేళ్ళకు మెదడులోనో వెన్నుపాములోనో ఇలాంటి వాపే వస్తుంది. మల్టిపుల్ స్క్లిరోసిస్ అంటారు."

"మా పిల్ల ఏ లెక్కలోకి వస్తుంది?"

"ముందుగా చెప్పే పరీక్ష లేదమ్మా."

"లేదా, మీరు చెప్పరా?"

"నాకు తెలియదమ్మా."

అంత చదువుకున్నవాడు తెలియదంటే ఆమె నమ్మలేదు. మగవాళ్ళిద్దరూ కలిసి దాస్తున్నారనుకుంది. ఒక్క విషయం మాత్రం అడిగింది, పూల రసం గురించి. దానికీ దీనికీ సంబంధం లేదన్నాడు. ఊళ్ళో దిగి ముందు హనుమాయమ్మ గడపలో నిలబడింది.

"నీ రసం వల్ల కాదంటక్కా."

హనుమాయమ్మ ఆమె మొహంలోకి చూసి, "ఎండన పడి వచ్చావు, కూర్చో. కాఫీ పెడతాను," అంది.

అప్పటినుంచి సీతారావమ్మ కూతుర్ని కనిపెట్టుకుని ఉంది. సూదిలో దారం ఎక్కించమనేది. గట్టు మీద ముందు నడవమని వెనక నుంచి పాదాలు చూసేది. చేతిలోంచి గ్లాసు జారితే ఉలిక్కిపడేది. ప్రమీల పెద్దదై హైస్కూలుకు వెళ్తుంటే, కాస్త దూరంలో తనూ నడిచేది. కారణం పిల్లకు చెప్పలేదు. వీధిలో వాళ్ళు వాళ్ళకు తోచింది అనుకున్నారు.

ఒకరోజు ప్రమీల నడిరోడ్డు మీద గిర్రున వెనక్కి తిరిగింది.

"నేనెవరితో మాట్లాడుతున్నానని నా వెంట పడుతున్నావు? క్లాసులో అందరూ నవ్వుతున్నారు! నా మీద నీకంత అనుమానమా?"

తన చూపు పిల్లకు అలా తగులుతోందని సీతారావమ్మకు ఎన్నడూ తోచలేదు. చెట్టు నీడకు తీసుకెళ్ళి, కన్ను సంగతీ, డాక్టరు మాటా, అంతా చెప్పేసింది. ప్రమీల పుస్తకాలు గుండెకు హత్తుకుంది.

"నాకు చెప్పొచ్చుగా," అంది. "నా కాలు తిమ్మిరెక్కితే ముందు తెలిసేది నాకా, నీకా?"

1978లో, ఇంటర్ చదువుతుండగా, ప్రమీలే వచ్చి చెప్పింది. "అమ్మా, నడుం కింద నుంచి ఎడమకాలు నాది కానట్టుంది. నిన్నటినుంచీ అంతే. గుంటూరు పోదాం."

బాలశౌరి పరీక్ష చేసి, జబ్బు పేరు ఈసారి ప్రమీలకే చెప్పాడు. ఆస్పత్రిలో ఉంచి ఇంజెక్షన్లు ఇచ్చారు. మెల్లగా స్పర్శ తిరిగొచ్చింది. నడక కుదిరింది, అలసిపోయినప్పుడు మాత్రం పాదం కాస్త ఈడ్చుకుపోయేది.

ఇంటికి పంపేటప్పుడు సీతారావమ్మ అడిగింది. "మళ్ళీ వస్తుందా?"

"రావచ్చమ్మా. ఎప్పుడో, ఎంతగానో నాకు తెలియదు."

ఆ తెల్లజుట్టు మనిషి మొహంలోకి ఆమె కళ్ళార్పకుండా చూసింది. ఆయనకు నిజంగానే తెలియదని అప్పుడు నమ్మింది. నమ్మినందుకు భయం ఇంకా పెరిగింది.

తిరువూరులో బస్సు దిగుతుంటే ఆమె కళ్ళు మళ్ళీ కూతురి పాదాల మీదికే పోయాయి.

"చూసింది చాల్లేమ్మా," అంది ప్రమీల మెట్టు దిగుతూ. "సంచీ అందుకో."