మూగాయన చేసే చప్పుడు

ఆ గుర్రపుశాలలో ఆయన్ని అందరూ మూగాయన అనేవారు. నిజానికి మూగవాడేం కాదు. మాట స్పష్టంగానే ఉండేది, గొంతూ బాగానే ఉండేది, కాకపోతే వాటిని వాడాల్సిన అవసరం ఆయనకి పెద్దగా కనిపించేది కాదు. అడిగినదానికి తలూపేవాడు. తల ఊపడంతో తేలని సంగతైతే "చూద్దాం" అనేవాడు. ఆ "చూద్దాం" వినిపించిన రోజున పనివాళ్లు ఈవేళ వాన తప్పదని నవ్వుకునేవారు. ఇంట్లో కుట్టుమిషన్ ముందు కూర్చునే భార్యకి మాత్రం నవ్వు వచ్చేది కాదు. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా అని దెప్పేది, ఆ గుర్రాలతోనైతే పొద్దస్తమానం కబుర్లేగా అనేది. అది అన్యాయం. గుర్రాలతో కూడా ఆయన మాట్లాడేవాడు కాదు. నాలుకని అంగిలికి తాటించి టక్కుమని ఒక చప్పుడు చేసేవాడు, అంతే.

ఆ శాలలో ఇరవై ఆరేళ్లు పనిచేశాడు. పొద్దున్నే అయిదింటికల్లా వచ్చి పన్నెండు కొట్టాలూ శుభ్రం చేసి, తడిసిన గడ్డి ఎత్తి పొడిగడ్డి పరిచేవాడు. తర్వాత ఒక్కో గుర్రం కాళ్లనీ చేతి వెనకభాగంతో తడిమి చూసేవాడు. ఎక్కడైనా వేడి తగిలిందా, ఆ గుర్రానికి ఆ రోజు సెలవే. ఈ విషయంలో మేడం కూడా ఆయనకి ఎదురు చెప్పేది కాదు. మేడం అంటే శాల యజమానురాలు, స్వారీ నేర్పే గురువూ ఆవిడే. మోకాళ్లు అరిగిపోయి కుర్చీలో కూర్చునే పాఠాలు చెప్పేది. ఆవిడ కేక వేస్తే గుర్రాలకంటే ముందు మనుషులు బెదిరేవారు.

అక్కడ నేర్పేది డ్రెస్సాజ్. గుర్రప్పందేలు చూసి మురిసేవాళ్లకి ఇది ఉప్పులేని కూరలా ఉంటుంది. అరవై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు ఉన్న ఇసుక బరిలో గుర్రం ఎంత నిదానంగా, ఎంత తేలిగ్గా అడుగు వేస్తుందో చూసి మార్కులు వేస్తారు. మీద కూర్చున్నవాళ్లు నోరు మెదపకూడదు. బయటినుంచి ఎవరూ ఏ సాయమూ చేయకూడదు. బరి మధ్యకి వచ్చి ఆగి న్యాయనిర్ణేతలకి వందనం చేసి మొదలుపెట్టాలి, చివర మళ్లీ అలాగే ఆగి వందనం చేసి ముగించాలి. ఆ రెండుసార్లూ గుర్రం నాలుగు కాళ్లూ నేలకి అతుక్కుపోవాలి.

తక్కిన శాలలవాళ్లు బాగా తయారైన గుర్రాలని ఎక్కడెక్కడి నుంచో కొనుక్కొచ్చేవారు. మేడం మాత్రం తన ఆడగుర్రాలు ఈనిన పిల్లల్నే పెంచి, నేర్పి, పోటీకి దింపేది. ఇంట్లో పుట్టిన పిల్లలు కదా, ముద్దుగానే ఉంటాయి అని తోటివాళ్లు జాలిగా అనేవారు. ఆ జాలికి ఆవిడకి ఒళ్లు మండేది. మూగాయనకి కూడా మండేది, పైకి తెలిసేది కాదు.

సున్నం పుట్టింది ఆ శాలలోనే. గుర్రాలు సాధారణంగా చీకట్లో, ఎవరూ లేనప్పుడు ఈనుతాయి. ఈ పిల్ల మాత్రం అందరూ అన్నాలకి కూర్చున్న వేళ చూసుకుని పట్టపగలు బయటపడింది. ఒళ్లంతా నలుపు, మూతి మాత్రం సున్నం బకెట్‌లో ముంచినట్టు తెల్లగా ఉంది. కాగితాల మీద దానికి పెద్ద పేరే రాశారు గానీ ఆ పేరుతో ఎవరూ పిలిచిన పాపాన పోలేదు. ముందుకాళ్ల నరాలు బిగుసుకుపోయి పిల్ల లేవలేకపోయింది. డాక్టరు కట్లు కట్టి, నిలబెడుతూ ఉండండి, ఆపైన దాని అదృష్టం అని చెప్పి వెళ్లాడు.

నిలబెట్టినవాడు మూగాయన. పొట్టకింద రెండు చేతులూ వేసి ఎత్తి పట్టుకునేవాడు. కాళ్లు వణుకుతూ కుదురుకునేదాకా ఊపిరి బిగబట్టి ఆగేవాడు. కుదురుకున్నాక టక్కుమనేవాడు. పిల్ల ఒక అడుగు వేసేది. మళ్లీ ఆగడం, కుదురుకోవడం, టక్కు, ఇంకో అడుగు. రోజుకి ఎన్నిసార్లో లెక్కలేదు. పన్నెండో రోజున సున్నం తనంతట తనే కొట్టం గడపదాకా వచ్చి ఆగింది. ఆయన టక్కుమన్నాడు. గడప దాటి ఎండలోకి అడుగు పెట్టింది. మేడం మేనకోడలు అప్పటికి పదేళ్ల పిల్ల, నీళ్ల బకెట్ పట్టుకుని అక్కడే ఉంది. మూగాయన బాబాయ్ ఏడుస్తున్నాడని ఇంటికి వెళ్లి అత్తకి చెప్పింది. ఆయన ఆ తర్వాత కంట్లో గడ్డి పడిందన్నాడు.

అప్పటినుంచి సున్నానికి అదే అలవాటు. గడప దగ్గర ఆగేది, ఆయన చప్పుడు చేస్తేనే కదిలేది. ఎనిమిదేళ్లు రోజుకి పదిసార్లు ఇదే జరిగింది. మనం కనురెప్ప వేయడం మనకి తెలుస్తుందా? తను ఆ చప్పుడు చేస్తున్నట్టు ఆయనకీ తెలియకుండా పోయింది.

తెలిసింది పోయిన ఏడాది పోటీలో. మేనకోడలికి అప్పటికి పద్దెనిమిదేళ్లు నిండాయి, సున్నం మీద అంత పెద్ద పోటీ ఆమెకి అదే మొదటిసారి. మూగాయన తలతాడు భుజాన వేసుకుని బరి కంచె పక్కన నిలబడ్డాడు. సున్నం మధ్యకి వచ్చి ఆగింది. నాలుగు కాళ్లూ నలుచదరంగా పడ్డాయి. ఆ పిల్ల ఒక చెయ్యి దించి తల వంచింది. చూస్తున్న ఆయన గుండె నిండిపోయింది. కాళ్లు వణికిన పిల్ల ఎంత నిలకడగా నిలబడిందో అనుకున్నాడు. అనుకుంటూ ఉండగానే నాలుక తన పని తను చేసేసింది.

సున్నం వందనం మధ్యలోనే ముందుకి నడిచింది. కంచె దగ్గరి చప్పుడు న్యాయనిర్ణేతకి వినబడింది, గంట మోగింది. బయటివాళ్ల సాయం అని తేల్చి పోటీ నుంచి తీసేశారు. జన్మలో నోరు విప్పని మనిషి ఒక్క చప్పుడుతో ఎనిమిదేళ్ల కష్టాన్ని నేలపాలు చేశాడని కొందరు నవ్వారు. ఆ పిల్ల గుర్రం దిగి పగ్గాలు ఆయన చేతికిచ్చి, మొహం జీను వైపు తిప్పుకుంది. తిట్టినా బాగుండేదని ఆయన చాలా రోజులు బాధపడ్డాడు.

మేడం మాత్రం మర్నాడు నిక్కచ్చిగా చెప్పింది. "మీ తప్పు కాదని నేను అనను. తప్పే. కానీ ఆ చప్పుడే లేకపోతే ఆ గుర్రమే లేదు. అది కూడా నాకు గుర్తుంది."

ఆ అలవాటు మానుకోవాలని ఆయన చేయని ప్రయత్నం లేదు. నోట్లో లవంగం పెట్టుకున్నాడు, గుడ్డ పీలిక పళ్ల మధ్య బిగించాడు. తను నోరు కట్టేసుకోగలిగాడు గానీ సున్నాన్ని ఒప్పించలేకపోయాడు. గడప దగ్గర అది ఆగిపోయేది. తాడు లాగినా, భుజం తట్టినా కదిలేది కాదు, ఆయన మొహంకేసి చూస్తూ నిలబడేది. ఒకరోజు అలా అరగంట నిలబడింది. చివరికి ఆయనే ఓడిపోయి గుడ్డ తీసి టక్కుమన్నాడు.

ఈ ఏడాది పరిస్థితి మరీ బిగుసుకుంది. మేడం అందరినీ పిలిచి దాపరికం లేకుండా చెప్పింది. తన మోకాళ్లు ఇక లేవవు, ఈనే గది తలుపు పుచ్చిపోయింది, ఇన్నేళ్లలో మన గుర్రం ఒక్కటీ ఆఖరి పోటీదాకా వెళ్లలేదు. ఈసారి కూడా వెళ్లకపోతే ఆడగుర్రాలని ఇచ్చేసి, ఆ గది పడగొట్టేసి, అందరిలాగే బయటి గుర్రాలు తెచ్చుకుందాం అంది. సున్నం తల్లికి ఇరవై రెండేళ్లు, గుర్రానికి అది ముసలితనమే. దాన్ని ఎవరు తీసుకుంటారో, తీసుకుని ఏం చేస్తారో ఆ శాలలో అందరికీ తెలుసు. మూగాయన ఆ పూట అన్నం తినలేదు.

పోటీకి వారం ముందు మేనకోడలి దగ్గరికి వెళ్లి తనంతట తనే నోరు విప్పాడు.

"నేను బరి దగ్గరికి రాను అమ్మాయ్."

"సున్నం జూలుకి జడలు ఎవరు వేస్తారు బాబాయ్?"

"జడలు వేస్తాను. గుర్రాలని కట్టే గుడారంలోనే ఉంటాను. నా చప్పుడు వినపడనంత దూరం."

ఆ పిల్ల నువ్వు చూడకుండా నేనెలా ఎక్కాలి అనబోయి మింగేసింది. ఆ మాట అంటే ఆయన వచ్చేస్తాడని ఆమెకి తెలుసు.

పోటీ రోజు పొద్దున ఏడింటికి గుడారంలో ముక్కాలిపీట మీదికెక్కి సున్నం జూలుని పాయలు తీశాడు. సూదీ మైనం పూసిన దారమూ పట్టుకోవడం భార్యే నేర్పింది, నా జడ ఒక్కరోజైనా అల్లావా అని ప్రతిసారీ అడుగుతూనే నేర్పింది. పదిహేను జడలు అల్లి, ముడిచి, దారం బిగించాడు. ఆలోపే మొదటి శుభవార్త వచ్చింది. వాళ్ల దగ్గర స్వారీ నేర్చుకుంటున్న ఒక పళ్ల డాక్టరు, సున్నం అక్కని ఎక్కి కింది తరగతి పోటీలో మూడోస్థానం తెచ్చుకున్నాడు. ఆయన గుర్రం దిగి మూగాయన చేతులు పట్టుకుని ఊపేశాడు. పళ్లు పీకించుకునేవాళ్ల భయం ఈవేళ నాకు అర్థమైంది అన్నాడు.

సున్నం వంతు వచ్చింది. గుడారం వాకిట్లో అది ఎప్పటిలాగే ఆగింది. మూగాయన టక్కుమన్నాడు. గుర్రం బయటికి నడిచింది, మేనకోడలు ఎక్కి కూర్చుంది, ఆమె బూట్లకంటిన దుమ్ముని ఆయన తన చొక్కా అంచుతో తుడిచాడు. వాళ్లు లారీల వరస దాటి మలుపు తిరిగేదాకా చూశాడు.

గుడారంలో సున్నం ఖాళీ చేసిన కొట్టంలో బకెట్ బోర్లించి కూర్చున్నాడు. మైకులో పేర్లు చదివారు, గంట మోగింది. ఆ పరీక్ష ఆయనకి కంఠతా వచ్చు. అయిదున్నర నిమిషాలు. ఇప్పుడు లోపలికి వచ్చి ఉంటుంది, ఇప్పుడు ఆగి ఉంటుంది. అంత దూరంలో ఉండి కూడా నాలుకని పళ్ల మధ్య పెట్టి నొక్కుకున్నాడు. ఇది మలుపు, ఇవి పక్కకి వేసే అడుగులు, ఇది మూలనుంచి మూలకి సాగే నడక. ఇది చివరి ఆగడం. ఇక చప్పట్లు వినబడాలి.

వినబడలేదు. ఆయన చేతిగడియారం చూసుకున్నాడు. ఆరు నిమిషాలైంది. సున్నం కదిలి ఉంటుందని నిశ్చయించుకున్నాడు. ఇంత దూరం వచ్చి కూర్చున్నా నా పాపం నన్ను వదల్లేదు అనుకున్నాడు. ముసలిగుర్రాన్ని లారీ ఎక్కించేటప్పుడు తాడు తనే పట్టుకోవాలి, ఇంకెవరు పట్టుకున్నా అది బెదురుతుంది. ఆ సంగతే ఆలోచిస్తూ తల పట్టుకున్నాడు. అప్పుడు చప్పట్లు మోగాయి, చాలాసేపు మోగాయి.

మార్కులు చెప్పడానికి ఇంకో అరగంట పట్టింది. రెండోస్థానం. ఆఖరి పోటీకి వెళ్లేది ముగ్గురు, అందులో ఇంట్లో పుట్టిన గుర్రం ఇదొక్కటే. మేడం కర్ర ఊతంగా మార్కుల కాగితం పట్టుకుని గుడారందాకా నడిచి వచ్చింది. చివరి ఆగడం దగ్గర వేలు పెట్టి చూపించింది. పదికి పది. పక్కన "అద్భుతమైన నిలకడ" అని రాసి ఉంది.

వెనకే మేనకోడలు సున్నాన్ని నడిపించుకుంటూ వచ్చింది. మొహమంతా చెమట, కన్నీళ్లు కలిసి ఉన్నాయి.

"నిలకడా లేదు, ఏమీ లేదు బాబాయ్. మొదట కాలితో నొక్కగానే కదిలింది. చివరి వందనం అయిపోయింది. కాలితో నొక్కాను, కదల్లేదు. మళ్లీ నొక్కాను, కదల్లేదు. చెవులు కంచెవైపు పెట్టి నిలబడింది. నీ కోసం ఆగింది."

"మరి ఎలా కదిలింది?"

"వందనం అయ్యాక నోరు విప్పినా మార్కులు పోవుగా. నీలాగే టక్కుమందామని చూశాను. రెండుసార్లు రాలేదు. మూడోసారి వచ్చింది."

మూగాయన సున్నం మెడ నిమిరాడు. మేడం కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. "ఈనే గదికి కొత్త తలుపు పెట్టించాలి. రేపు వడ్రంగికి కబురు పెట్టండి" అంది.

ఆయన తాడు అందుకుని సున్నాన్ని గుడారంలోని కొట్టం వైపు తిప్పాడు. గడప దగ్గర అది ఆగింది. ఆయన నాలుక ఎత్తబోయాడు. నోరు ఎండిపోయింది, ఎంత ప్రయత్నించినా చప్పుడు రాలేదు. మేనకోడలు సాయం చేయబోయి ఊరుకుంది. సున్నం తెల్లటి మూతి ఆయన భుజానికి ఆనించి, నాలుగు కాళ్లూ నలుచదరంగా పెట్టి, కదలకుండా నిలబడింది. ఆయనకి నోరు వచ్చేదాకా అలాగే నిలబడింది.