బల్బు వైపు చూస్తూ వాయించినవాడు

మా తోడల్లుడు పోయాడని పుంగనూరు నుంచి మా మామగారు ఫోన్ చేసేసరికి నేను మదనపల్లెలో నా సౌండు సామాన్ల రిపేరు షాపులో ఒక భజన మందిరం వాళ్ళ మైకుల మిక్సరు విప్పుకుని కూర్చున్నాను. నిద్రలోనే పోయాడట. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు. ఆయన గిటారు యాంప్లిఫయర్ ఇప్పుడు ఎవరి పాలవుతుందోనన్న ఆలోచన.

ఆయన మా ఆవిడకు అక్క మొగుడు. కోలార్ బంగారు గనులు మూతపడేదాకా అక్కడ కరెంటు పని చేసి, ఆ తర్వాత రామకుప్పం పక్కన సొంత పల్లెలో రాగీ టమోటా పండించుకుంటూ ఉండిపోయాడు. గనుల దగ్గరి క్లబ్బులో ఆంగ్లో ఇండియన్లు గిటార్లు వాయిస్తుంటే విని విని నేర్చుకున్నాడట. ఆ క్లబ్బు సామాను అమ్మేసిన రోజు అందరూ కుర్చీలకూ బీరువాలకూ ఎగబడితే, ఈయన ఒక గిటారునూ, ఇంగ్లండులో చేసిన, పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వుల యాంప్లిఫయర్‌నూ కొనుక్కుని బంగారుపేట మీదుగా రైల్లో కుప్పం తెచ్చుకున్నాడు. ఎండిపోయిన కెపాసిటర్లు మార్చాడు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను తానే చుట్టాడు. శబ్దం కాస్త గరుకెక్కడానికి ఇంకో వాల్వు చేర్చాడు.

పాత రాక్ పాటల్లో గిటారు మోత ఒకటుంటుంది. గట్టిగా మీటితే అరుస్తుంది, మెల్లగా మీటితే మాట్లాడుతుంది, ఎంత గరుకుగా ఉన్నా చెవిని నొప్పించదు. దాని కోసం నేను కాలేజీలో ఉన్నప్పటి నుంచీ ఎన్ని పెట్టెలు విప్పానో లెక్కలేదు. అది మొదటిసారి నా చెవులారా విన్నది ఒక రైతు ఇంటి వసారాలో, మామగారి పక్కన కూర్చుని. అప్పుడు మామగారు నా తొడ మీద చరిచి, "సిన్నల్లునికి షాపు ఉండాది, పెద్దల్లునికి సెయ్యి ఉండాది" అన్నారు. ఆయన మెచ్చుకోలుగానే అన్నారు. నేను మాత్రం ఆ మాటను పన్నెండేళ్ళు మోశాను.

ఆయన అలవాట్లన్నీ నాకు పోజులుగానే కనిపించేవి. స్విచ్చి వేసి, వాల్వులు వేడెక్కేదాకా టీ తాగుతూ కూర్చునేవాడు. పట్టపగలు కూడా వసారాలో బల్బు వేసుకునేవాడు. దండగని వదిన సణిగితే నవ్వేవాడు. వాయిస్తున్నంతసేపూ వేళ్ళ వైపు చూడకుండా ఆ బల్బు వైపే చూసేవాడు. పెద్ద విద్వాంసుడు మరి, తల దించడు అని నేను లోపల ఉడికిపోయేవాణ్ణి.

అడగ్గానే సర్క్యూట్ మొత్తం ఒక నోటుబుక్కు కాగితం మీద గీసిచ్చాడు. నేనైతే ఎవరికీ ఇవ్వను. వాల్వులు బెంగళూరులో వెతికి, ట్రాన్స్‌ఫార్మర్ అన్నే చుట్లు చుట్టించి, చెక్కపెట్టెతో సహా అచ్చం అలాంటిదే చేశాను. ప్లగ్గు పెట్టి మీటితే రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంది. మూడుసార్లు ఊడదీసి మళ్ళీ కట్టినా అంతే. కావాలనే ఎక్కడో తప్పు గీసిచ్చాడని తేల్చుకున్నాను. అంతటితో ఆగితే బాగుండేది. నా దగ్గరికి వచ్చే బ్యాండు వాళ్ళందరికీ అదే చెప్పాను. ఆ మాట ఆయనదాకా చేరింది.

ఒకసారి విత్తనాలకని మదనపల్లె వచ్చి షాపులోకి తొంగిచూశాడు. కోపమేమీ లేదు. నా యాంప్లిఫయర్‌ను వెనకా ముందూ చూసి, కరెంటు హెచ్చుతగ్గులు తగలకుండా దాని కింద నేను ముచ్చటపడి పెట్టుకున్న స్టెబిలైజరు దగ్గర ఆగాడు.

"దీన్ని తీసేసి వాయించి సూడప్పా. లేదంటే పెట్టెను మా ఊరికి ఎత్తుకోని రా. ఆ సౌండు నా ఒక్కనిది కాదు, మా ఊరోళ్ళందరిదీ."

నా పెట్టె కాలిపోవాలని చూస్తున్నాడు అనుకున్నాను. పైగా ఊరోళ్ళదంటూ వినయం ఒకటి. టీ తెప్పించి, పని ఉందని పంపించేశాను. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాత వాళ్ళ ఊరికి పెళ్ళికో జాతరకో వెళ్ళినా, ఆయన గిటారు తీసేలోగా బస్సెక్కేసేవాణ్ణి.

పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున వదిన నన్ను వసారాలోకి పిలిచింది.

"ఆ పెట్టె నీకేనని ఎప్పుడూ సెప్తా ఉండె. దాన్ని సూసుకునేది ఇంగెవరికీ రాదంట. ఎత్తుకోని పోప్పా."

వెనక మూత తీశాను. కాగితం మీద గీసిచ్చిందే లోపల ఉంది, ఒక్క తీగ తేడా లేదు. ఆయన గిటారు తగిలించి మీటాను. రేకు డబ్బా, గులకరాళ్ళు. అచ్చం నా పెట్టె. చచ్చిపోయిన మనిషి ఇంట్లో కూర్చుని నేను సంతోషించాను. ఇంతేనా నీ గొప్ప అనుకున్నాను. వదిన అలవాటు కొద్దీ బల్బు వేసి లోపలికి పోయింది.

తొమ్మిదింటికి చేలకిచ్చే త్రీఫేజు కరెంటు వచ్చింది. చుట్టూ చేలల్లో బోరు మోటార్లన్నీ ఒక్కసారిగా లేచాయి. బల్బు మసకబారి ఎర్రగా అయింది. నేను మీటుతున్న తీగ నా వేళ్ళ కిందే మారిపోయింది. చెవిని గీరే గరుకు కరిగి, ఆ మోత వసారా నిండా పరుచుకుంది, వేడి సంగటి మీద నెయ్యి జారినట్టు. పాతికేళ్ళుగా కరెంటుతో బతికేవాణ్ణి. ఊరంతా మోటార్లు వేస్తే వోల్టేజి పడిపోతుందని, నీరసించిన కరెంటుతో ఆ వాల్వులు అలా పాడతాయని నాకు తట్టలేదు. ఆయన బల్బు వైపు ఎందుకు చూసేవాడో కూడా తట్టలేదు. చెప్పింది ఆయన కాబట్టి వినబుద్ధి కాలేదు. వోల్టేజి తగ్గించే సామాను నా షాపులోనే మూలన దుమ్ము కొట్టుకుని ఉంది.

వదిన చీపురు పట్టుకుని గడపలో నిలబడిపోయింది. "ఇప్పుడు ఆయప్ప మాదిరే ఉండాది" అంది.

అన్నా, నీ దగ్గర ఏదో దాచుకున్నావని ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నాను. నీ దగ్గర దాపరికమే లేదని తెలిసిన ఆ నిమిషంలో ఇంకా ఎక్కువ కుళ్ళు పుట్టింది. అంత తేలిగ్గా ఇచ్చేయడం నాకు ఎప్పటికి వస్తుంది?

మధ్యాహ్నం త్రీఫేజు పోయింది. మోటార్లు ఆగాయి, బల్బు తెల్లగా వెలిగింది, గిటారు మళ్ళీ గులకరాళ్ళు. బస్సు వేళ దాటిపోయింది. రేపు కరెంటు ఎన్నింటికి వస్తుందని వదినను అడిగి, ఆ బల్బు వైపు చూస్తూ అక్కడే కూర్చున్నాను.